మంచం ఎత్తు దాటని మొక్కలు

మొన్న మా అపార్ట్‌మెంటుకు ఒక పిల్ల వచ్చింది. తోటల చదువు చదివిందట. నాగోల్‌ల మేముండే బిల్డింగు ముంగట, గేటుకు ఎడమ పక్క, రోడ్డుకూ పార్కింగుకూ నడుమ బారెడు వెడల్పు జాగ ఉన్నది. పొద్దు పొడిచినప్పటికెంచి కుంగేదాక ఎండ అండ్లనే కూసుంటది. వాచ్‌మన్ పైపు ఆడిదాక అందదు, అందినా బోరుల నీళ్ళుండయి. మా అసోసియేషనోళ్ళు మొదలు అండ్ల లాను పరిచిన్రు. ఎండకాలం రాకముందే అది కొబ్బరి పీచు రంగుకొచ్చింది. తరువాత కుండీలల్ల ఏవో పూలు పెట్టిన్రు. అవి చావనీకే వచ్చినట్టు వచ్చి చచ్చిపోయినయి. ఇగ ఈ పిల్లను పిలిపిచ్చిన్రు. మా సెక్రటరీ మంచి పిలగాడే గని, బల్బు పోయినా మీటింగు పెడతడు. ఆంటీ కథలు రాస్తరు, ఆమెకు పాత సంగతులన్నీ ఎరికే అని ఆ పిల్లను నా మీదికి తోలిండు. కథలు రాసేటోళ్ళకు మొక్కలెరికె ఉంటయని ఆయనకెవలు చెప్పిన్రో తెల్వదు.

ఆ పిల్ల నా ముంగట కూసొని ఫోనుల బొమ్మలు చూపిచ్చుకుంట చెప్పింది. ఎండకు ఓర్చుకోవాలె, నీళ్ళడగొద్దు, నేలను పట్టుకొని పొట్టిగ పెరగాలె, ఈ మట్టిల పుట్టినవే అయి ఉండాలె. గిసువంటి మొక్కలకు ఇప్పుడు మస్తు గిరాకట. ఒక్కొక్క బొమ్మ తీస్తుంటే నాకు నవ్వాగలేదు. విష్ణుక్రాంతం, గంగవాయిలి, గలిజేరు, కొండపిండి, గరిక. అన్నీ నేను చిన్నప్పుడు పీకి పారేసినయే. పీకకుంటే అమ్మ చేతిల చీపురు కట్ట ఉండేది. ఇప్పుడు వాటికి పేరు చీటీ కట్టి నర్సరీల అమ్ముతున్నరు. ఎంత ఎత్తు దాక పెరిగితే పర్వాలేదు ఆంటీ అని అడిగింది. ఆలోచన లేకుంటనే నా నోట్లకెంచి మంచం ఎత్తు అని వచ్చింది. ఆ పిల్ల రాసుకోబోయి ఆగింది. మంచమేంది, సెంటీమీటర్లల చెప్పుండ్రి అన్నది. నాకు సెంటీమీటర్లు తెల్వయి, ఆ మంచం మాత్రం తెలుసు. పిల్లకు చాయ పోసి పంపిచ్చిన గని, ఆ దినమంత నా మనసు ఎల్బీనగర్‌ల పాత ఇంటి వరండలనే తిరిగింది.

ఎల్బీనగర్ అంటే ఇయ్యాల మెట్రో, దాని కింద ఫ్లైఓవరు, దాని కింద ఇంకో తొవ్వ. మేము పోయిననాడు తొవ్వ ఒక్కటే, విజయవాడ పొయ్యే రోడ్డు. దాని పక్కకే మా ఇల్లు. మా నాయిన దిల్‌సుఖ్‌నగర్ బస్సుల డిపోల మెకానిక్కు. అంతకుముందు మలక్‌పేటల కిరాయికుంటిమి. నల్ల కాడ మా బిందె కనబడితే ఆ ఓనరమ్మ మొఖం తిప్పుకునేది. అది సహించకనే నాయిన ఊరవతల, రాళ్ళల్ల, ఎవ్వలు పోని జాగల ప్లాటు తీసుకొని రెండు అర్రలు లేపి ముంగట రేకుల వరండ దించిండు. మా ఖాందాన్‌ల పట్నంల సొంతిల్లు కట్టినోడు ఆయనొక్కడే. ఆ ముచ్చట మేమేడ మరిచిపోతమో అని, అన్నం తిని లేసినప్పుడల్ల గోడ మీద చెయ్యేసి నిమిరేటోడు. ఇంటికీ రోడ్డుకూ నడుమ కొంత జాగ మిగిలింది. పైన ఎర్ర మొరం, కింద బండ. అమ్మ పారబోసిన బట్టల నీళ్ళు గూడ అండ్ల ఇంకకపోయేటివి. కాసేపు నిలవడి, రోడ్డు మీదికే పోయేటివి.

మా ఇంట్ల ఎవలున్నరో వాసన చూసి చెప్పేదాన్ని. అమ్మ దవాఖానల ఆయా, ఆమె వస్తే ఫినాయిలు వాసన. నాయిన వస్తే గ్రీజు. పొద్దుగాల కిరసనాయిలు స్టవ్వు, దాని మీద జొన్నరొట్టె. వీటన్నిటి కంటె ముందుగాల లేసేది చుట్ట వాసన. ఆ చుట్ట మా నాయినమ్మది. నల్లగొండ దిక్కు ఊర్లె నాట్లేసి కోతలు కోసి, పటేలుతోని గూడ నిలవడి మాట్లాడిన మనిషి. ఒకనాడు బాయి గడ్డ మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. కట్లు కట్టెటాయన కట్టిండు గని అతకలేదు. నాయిన పోయి బస్సు సీటు మీద పండవెట్టుకొని తోలుకొచ్చిండు. అర్రలేమో ఇరుకు, చుట్ట పొగ అమ్మకు పడదు. అందుకని వరండల పొట్టి నులక మంచం ఏసి ఆమెను అండ్ల దించిన్రు. బాప్తిస్మం తీసుకున్న మనిషే. అయినా దేవునితోని ఆమె మాట్లాడుడు ఊరి పెద్దమనిషితోని మాట్లాడినట్టే ఉండేది. మర్యాద జరంత, నిలదీసుడు ఎక్కువ. ప్రార్థన నడుమల కండ్లు తెరిచి కుక్కొచ్చింది సూడు పిల్లా అని నన్ను లేపి, కుక్క పోయినంక మల్ల ఆడికెంచే అందుకునేది.

నడక పోయినంక ఆమెకు మిగిలింది రోడ్డొక్కటే. ఒక పక్కకు ఒత్తిగిలి, మోచెయ్యి మీద తల ఆనిచ్చి పొద్దంత రోడ్డు దిక్కే. పొయ్యేటోళ్ళను ఒక్కళ్ళను గూడ ఊకెనే పోనియ్యకపోయేది. యాడికి పోతున్నవ్, ఏమైంది, కోడలు నీళ్ళాడిందా, బర్రె ఈనిందా. ముక్కూ మొఖం తెల్వనోళ్ళను అడిగేది. ఇప్పటోళ్ళకు చెప్తే నమ్మరు గని, వాళ్ళు ఆగి జవాబు చెప్పేటోళ్ళు. రాళ్ళు కొట్టబొయ్యే ఆడోళ్ళు మా గేటు కాడ తట్టలు దించి దమ్ము తీసుకునేటోళ్ళు. సైకిలు మీద పాలాయన ఒక కాలు నేలకాన్చి నిలవడేటోడు. కొందరు ఆమెకు చుట్టలు గూడ తెచ్చిచ్చేటోళ్ళు. నేను బడికి పొయ్యేటప్పుడు మొదలైన ముచ్చట్లు నేనొచ్చేసరికి గూడ నడుస్తనే ఉండేటివి. ఆ నడుమల ఏమేం మాట్లాడేదో ఇంట్ల మాకెవ్వలకూ తెల్వదు.

తెల్వకపోవుడే మా నాయినకు పరేషానైంది. ఆయన అప్పుడప్పుడే చర్చి కమిటీల చేరిండు. తెల్ల అంగీ ఇస్త్రీ చేపిచ్చుకునుడు మొదలువెట్టిండు. పక్క ప్లాటుల తెనాలి దిక్కోళ్ళు దిగిన్రు. బ్యాంకు సారు, ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు. ఆమె మమ్మల్ని గూడ గారు అని పిలుస్తుంటే మా నాయిన వెన్ను నిటారుగ అయ్యేది. వాళ్ళు దిగిన వారానికే మా నాయినమ్మ ఆ బ్యాంకు సారును రోడ్డు మీద ఆపి, గంత కడుపేంది బిడ్డా, ఎన్నో నెల అని అడిగింది. ఆయన స్కూటరు స్టార్టు చేసుడు మరిచిపోయి తోసుకుంట పోయిండు. ఇంకోనాడు మా అయ్యగారు, అంటే మా పాస్టరు, పనిమీద స్కూటరేసుకొని పోతుంటే మంచం మీదికెంచే కేకేసింది. ఇయ్యాల కోడికూర లేదయ్యా, ఉత్త పప్పే, నువ్వు ఆదివారం రా అని. అయ్యగారి ఎనుక కమిటీ పెద్ద కూసొని ఉండె. ఆ సంగతి చర్చంత పాకింది. మా నాయిన ఇజ్జత్ పోయిందని రెండు పూటలు అన్నం తినలేదు. రెండో పూట కోడికూరే ఉండె గని, అది చూసి ఇంకింత బాధపడ్డడు.

ఆ తరువాత ఆయనకొక ఆలోచన వచ్చింది. ఇంటి ముంగట కంచె పెంచాలె. పైకి చెప్పింది దుమ్ము సంగతి. బస్సులు పోతుంటే దుమ్ము లేస్తున్నది, అమ్మకు దగ్గొస్తది, పచ్చగ మనిషెత్తు కంచె ఉంటే ఇంటికి అందం అని. ఆమెకు దగ్గు చుట్టతోని వస్తదని మా ఇంట్ల పిల్లికి గూడ తెలుసు. కంచె ఎందుకో అందరికి తెలుసు, అందరికంటె ముందుగాల ఆమెకే తెలుసు. ఆమె మాత్రం నీ ఇల్లు నీ ఇష్టం కొడుకా అని పక్కకు తిరిగింది. మా నాయినమ్మ లొల్లి చెయ్యలేదంటే అది మంచికి గాదు. నాయినకు అంత తెలివి ఉంటే ఆ దినమే ఆపేటోడు.

మందార కొమ్మలు రాజ్యలక్ష్మి గారే ఇచ్చింది. మా తెనాల్లో పుల్ల గుచ్చితే పువ్వేనండీ అని చెప్పింది. మా మొరంల పుల్ల గుచ్చాలంటే మొదలు గడ్డపార కావాలె. నాయిన గుంతలు తవ్వి ఎర్రమట్టి నింపిండు, నేను దూరం బోరింగు కాడికెంచి నీళ్ళు మోసి పోసిన. నా నడుము పడిపోయింది గని కొమ్మలు చిగురేసినయి. ఆ చిగుర్లు చూసి నాయిన పాటలు పాడుడు మొదలువెట్టిండు. అప్పుడు మా నాయినమ్మ తన పని తాను చూసుకున్నది. బడంగ్‌పేట దిక్కు మల్లయ్యని ఒకాయన, పొద్దుగూకాల మేకల మందను మా ముంగటికెంచే కొట్టుకపోయేటోడు. ఆమె దోస్తే. గేటంటే మాకు వెదురు తడక, దాన్ని కుక్కలను తోలే పొడుగు కట్టె కొసతోని మంచం మీదికెంచే లేపొచ్చు. తమ్మీ, మేకలకు దూపైతున్నట్టుంది, జర లోపలికి తోలు అన్నది. నేను చూస్తనే ఉన్న. మేకలు నీళ్ళ దిక్కు గూడ చూడలేదు. మందార కంచె మల్ల పుల్లలైంది. తరువాత చుట్ట ముట్టిచ్చుకొని, మీ నాయినకు చెప్పకు, చెప్తే మాత్రం ఏం చేస్తడు అన్నది. నేను చెప్పలేదు. నీళ్ళు మోసేది నేనే గద, నాకు ఆ మేకల మీద కోపం గాదు, పావురమే ఉండె.

నాయిన తడక మీద అనుమానపడ్డడు, మల్లయ్య మీద అనుమానపడ్డడు, ఆఖరికి సైతాను మీద గూడ అనుమానపడ్డడు. తల్లి మీద పడలేదు. లేవలేని ముసల్ది ఏం చేస్తదని ఆయన ధీమా. ఈసారి డిపోల ఎవలో చెప్పిన్రని సుబాబుల్ తెచ్చి పెట్టిండు. నెల తిరగకముందే మోకాలెత్తు లేచేదది. మేకలకు సుబాబుల్ అంటే పెండ్లి భోజనం. అది గూడ పాయె. అయ్యగారు వచ్చి ఆ మొక్కల కోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేసిండు. దుష్టుని చేతిలకెంచి ఈ కంచెను కాపాడుమని అడుగుతుంటే, దుష్టురాలు మంచం మీద అందరికంటె గట్టిగ ఆమెన్ అన్నది. నేను దుప్పటి నోట్ల కుక్కుకున్న.

మూడోసారి నాయిన తెలివికి వచ్చిండు. మల్ల సుబాబుల్ పెట్టి, చుట్టూరు తుమ్మకంప తెచ్చి మేక మూతి దూరకుంట కొట్టిండు. తడక తీసేసి ఇనుప గేటు పెట్టి గొళ్ళెం ఏసిండు. ఇగ నవ్వే ముచ్చట అయిపోయింది. వానలు పడ్డయి, సుబాబుల్ లేచింది. మొదలు రోడ్డు మీద పొయ్యేటోళ్ళ కాళ్ళు కనబడకపాయె. తరువాత చేతులు, తరువాత తలకాయలు. ఆఖరికి జిల్లా బస్సుల టాపు మీది మూటలు మాత్రం కనబడేటివి. ఆమె కొన్నాళ్ళు మూటలు చూసి గూడ ముచ్చట చెప్పింది. గది సూర్యాపేట బస్సు, గా మూటల మిరపకాయలున్నయి అని. తరువాత అదీ ఆపేసింది. పొయ్యేటోళ్ళు మొదట్ల బయట నిలవడి అవ్వా అని పిలిచేటోళ్ళు. మొఖం కనబడకుంట ఎంతసేపని మాట్లాడుతరు, వాళ్ళు గూడ మానేసిన్రు. చుట్ట కొస కొరికి, ముట్టియ్యకుంట పక్కకు పెట్టేది. పెట్టిన రొట్టె సగం కుక్కకు పోయేది. గోడ దిక్కు తిరిగి పండుకునుడు అలవాటు చేసుకున్నది. అమ్మ దవాఖానల మస్తుమందిని చూసిన మనిషి. నీ తల్లి మంచం పట్టింది తుంటి విరిగిననాడు గాదు, ఇప్పుడు పట్టింది అని నాయినకు చెప్పింది. నాయిన విననట్టే ఉన్నడు. విన్నడని మాకు తెలుసు. నాకు మాత్రం భయమైంది. ఇంట్ల చుట్ట వాసన లేని తెల్లవారుజాము అంతకుముందు నేనెన్నడూ చూడలేదు.

గా దినాలల్లనే మా ఇంట్ల కృతజ్ఞత కూడిక పెట్టిన్రు. మా దిక్కు ఇంట్ల మంచి జరిగితే చర్చోళ్ళను పిలిచి పాటలు పాడి, సాక్ష్యాలు చెప్పుకొని, అన్నాలు పెడతరు. సాక్ష్యమంటే దేవుడు నాకు ఇది చేసిండని నలుగురి ముంగట లేసి చెప్పుడు. ఇల్లు నిలవడ్డందుకు, కంచె ఎదిగినందుకు అని నాయిన కూడిక పెట్టిండు. చాపలేసుకొని అందరు వరండల, వాకిట్ల కూసున్నరు. రాజ్యలక్ష్మి గారు గూడ మర్యాదకు వచ్చి ఒక కొసకు కూసున్నది. నాయిన లేసి కంచె సంగతి చెప్పిండు. మూడోసారి దేవుడు గెలిపిచ్చిండన్నడు. అయ్యగారు మెచ్చుకొని, పెద్దమనిషి ఉన్నది గద, అవ్వ గూడ ఒక మాట సాక్ష్యం చెప్తె బాగుంటదన్నడు. మంచం మీది మనిషి కన్నీళ్ళతోని రెండు మాటలు చెప్తదని ఆయన అనుకున్నడు. మా నాయినమ్మను సాక్ష్యం అడుగుడంటే మేకను కంచెకు కాపలా పెట్టుడే. ఆమె గోడ దిక్కుకెంచి ఇటు తిరిగింది.

"మేకలను పిలిచింది నేనే అయ్యా. రెండుమాట్లు పిలిచిన. మూడోమాటు వీడు కంప కొట్టిండు, పిలుస్తందుకు లేకపాయె" అని మొదలువెట్టింది. "తప్పయితే దేవుణ్ణి అడుగుత, మిమ్ములను గాదు. నాకు కాళ్ళు పోయినయి. గా తొవ్వల మనుషులు పోతుంటే, వాళ్ళ ఎంబడి నేను గూడ ఇంత దూరం పోయినట్టుండేది. పెట్టెల పెట్టి మూత వెయ్యనీకి ఇంక దినాలున్నయి గదరా కొడుకా. బతికుండంగనే ఎందుకేస్తివి?"

ఆమె ఏడ్వలేదు. అడగాల్సింది అడిగి మల్ల గోడ దిక్కు తిరిగింది. అయ్యగారు పాట ఎత్తుకుంటడేమో అని అందరు చూసిన్రు, ఆయనకు ఏ పాట యాదికి రాలేదు. రాజ్యలక్ష్మి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నేల దిక్కు చూస్తున్నది. ఆఖరికి అమ్మనే లేసి ఇస్తర్లు ఏసింది. అందరు తలకాయలు వంచుకొని కోడికూర తిన్నరు. అయ్యగారు ఎంత దుఃఖంల ఉన్నా రెండుమాట్లు పెట్టిచ్చుకున్నడు. నాయిన తినలేదు. ఇస్తరి ముంగటికెంచి లేసి కంచె కాడికి పోయి, ఇంటి దిక్కు వీపు పెట్టి నిలవడ్డడు.

మర్నాడు ఆదివారం. కమిటీ మనిషి చర్చికి పోకుంట గడ్డపార పట్టిండు. కంప గుంజిండు, సుబాబుల్‌ను ఏర్లతోని లేపిండు. చేతులు చీరుకపోయినయి, తెల్ల అంగీ ఎర్రగైంది. రాజ్యలక్ష్మి గారు గోడ అవతలికెంచి మజ్జిగ ఇచ్చి పోయింది. పగటాళ్ళకు జాగంత బోడిగైంది. గా బోడి జాగల ఏం పెట్టాలన్నది ఇగ మా నాయినమ్మ మంచం మీదికెంచే నడిపిచ్చింది. నాగోల్‌ల ఈ పిల్ల చెప్పిన నియమాలే, చదువు మాత్రం లేదు. మంచం పట్టె కంటె ఎత్తు లేవొద్దు. నీళ్ళు మోసే పిల్ల నడుము విరగొద్దు. అయితే తినాలె, గాకపోతే కండ్లకు నదరుగ ఉండాలె.

రోడ్డు పక్కకెంచి గరిక పట్టలు తెచ్చి అదిమినం. అది చావమన్నా చావలేదు. గంగవాయిలి విత్తనం చల్లినం, మొరంల పెట్టినట్టే లేచి పప్పుల పడ్డది. గలిజేరు ఎవ్వలు పిలవకుంటనే వచ్చింది. కొండపిండి పెట్టిచ్చి, మూత్రంల రాళ్ళు కరుగుతయని నాయినకు కషాయం తాపేది. ఆయనకు రాళ్ళున్నయో లేవో ఎవ్వలూ చూడలేదు. నీలం చుక్కల విష్ణుక్రాంతం పెట్టిన్నాడు అమ్మ కొంచెం ఎనుకకాడింది, కమిటీ ఇంటి ముంగట ఆ పేరేంది అని. పేరు ఆయనది, పువ్వు మనది అని నాయినమ్మ తీర్పు చెప్పింది. తుమ్మి కొంచెం ఎత్తు లేస్తది, దాన్ని కత్తెరతోని మంచం పట్టెకు సరిచేసే పని నాది. వినాయక చవితికి రాజ్యలక్ష్మి గారు వచ్చి గా తుమ్మి, గరిక పత్రికి తెంపుకపోయేది. మా అయ్యగారికి ఆ సంగతి ఇప్పటికీ తెల్వదు. అన్నీ సక్కగనే చేసిందని గాదు. పల్లేరు పువ్వు పచ్చగ ముద్దుగుంటది, మందుకు గూడ పనికొస్తదని పట్టువట్టి పెట్టిచ్చింది. దాని కాయలకు ముండ్లుంటయని మాకెరికె, ఆమెకింకా ఎరికె. తరువాతి కూడికల అయ్యగారు మోకాళ్ళూనిండు. అంత చిన్న ప్రార్థన మా చర్చి ఎన్నడూ వినలేదు. పల్లేరు ఆ దినమే పాయె.

ఇదంత నాగోల్ పిల్లకు ఫోనుల చెప్పిన. నవ్వీ నవ్వీ, ఆంటీ పల్లేరు వద్దు అని రాసుకున్నది. గడ్డి చామంతి గూడ పెట్టుమన్న, మా వాకిట్ల మస్తుండెనని. అది సముద్రాలవతలికెంచి వచ్చింది ఆంటీ, మనది గాదు అన్నది. నా పెద్దరికం ఆడికే ఆగింది. సెక్రటరీ మాత్రం మీటింగుల కొత్త మాట ఎత్తిండు. పొట్టి మొక్కలెందుకు, ఎత్తు కంచె పెడితే ప్రైవసీ ఉంటది గదా అని. ఎవలు చూస్తరని ప్రైవసీ? మా రోడ్డు మీద పొయ్యేటోళ్ళు హెల్మెట్ల ఉంటరు, కార్ల అద్దాలు ఎత్తుకొని ఉంటరు, చెవులల్ల ఏవో పెట్టుకొని ఉంటరు. పక్క ఫ్లాటుల ముసలాయన పోయిన సంగతి నాకు గ్రూపుల తెలిసింది. అప్పటి రోజులు మంచివని నేను చెప్పను. నీళ్ళు మోసి మోసి నా నడుము పోయింది, నల్ల కాడ మొఖం తిప్పుకునే ఓనరమ్మలు అప్పుడే ఎక్కువ. అయినా ఎవలన్న ఆగి, యాడికి పోతున్నవ్ అని అడిగితే, జవాబు చెప్పేటంత తీరుబాటి మనుషులకు ఉండె. అది పోయినందుకు నాకు కోపమొస్తది, సెక్రటరీ మీద తీసుకున్న. మంచం ఎత్తు దాటితే నేను సంతకం పెట్టనని లేసి వచ్చిన. ఆయన ఆ మంచం ఏ సైజుదో కనుక్కుంట అన్నడట.

ఇంతా చెప్పి ఒక్క ముచ్చట చెప్పకపోతే మా నాయినకు అన్యాయం చేసినట్టైతది. కంచె పీకిన గా ఆదివారం, పని అయినంక ఆయన గడ్డపార పక్కకేసి, తల్లి మంచం ముంగట నేల మీదనే కూలవడ్డడు. తల్లి పక్కన అట్ల కూసునుడు నేను గదే మొదలు చూసుడు. తల్లీకొడుకులు ఒక్క ఎత్తుల ఉన్నరు, ఇద్దరి మొఖాలు రోడ్డు దిక్కే. నేను గరిక పట్ట చేతిల పట్టుకొని నిలవడ్డ. చానా దినాలకు మొఖం కనబడేసరికి సైకిలు మీది పాలాయన బ్రేకేసిండు. అవ్వా, బతికే ఉన్నవా, కనబడకపోతే ఏమైతివో అనుకుంటిమి అన్నడు. ఆ తరువాత మా నాయినను కిందికి మీదికి చూసిండు.

"గీయననేనా నీ కొడుకు? పట్నంల సొంతంగ ఇల్లు కట్టినాయన?"

"గీడే" అన్నది నాయినమ్మ.

పాలాయన మా నాయినకు నమస్తే పెట్టిండు. ఈ తొవ్వల పొయ్యేటోళ్ళల్ల నువ్వు తెల్వనోళ్ళు లేరు సారూ అన్నడు. కిరాయింట్ల పడ్డ మాటలు, ఒక్కొక్క రాయి మోసుకొచ్చి కట్టిన తీరు, తల్లిని బస్సుల పండవెట్టుకొని తెచ్చుకున్న సంగతి, అన్నీ అవ్వ చెప్పిందన్నడు. మా దిక్కోళ్ళు పిల్లలను తిడితే గూడ, గా అవ్వ కొడుకును చూసి నేర్చుకోండ్రి అంటరు అని చెప్పి పెడలు తొక్కుకుంట పోయిండు. మా నాయినమ్మ కొడుకును మొఖం మీద ఒక్కనాడు మెచ్చుకోలేదు. ఇంట్ల ఆయన పేరు మొద్దోడు. నాయిన తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు, మల్ల తుడుచుకున్నడు. అది చెమటని మేమంత అనుకోవాల్నని ఆయన కోరిక. ఆఖరికి తల్లి దిక్కు తిరిగి అడిగిండు.

"ఇంకెవలెవలకు చెప్పినవే అమ్మా?"

ఆమె ఆయన భుజం మీదికెంచి రోడ్డు దిక్కు మెడ సాపింది.

"చెప్పాల్సినోళ్ళు ఇంక మస్తుమంది ఉన్నరు. నువ్వు జర అడ్డం జరుగు."